మూడో పరుగులో బూడిదరంగు బండి

నా పేరు, మా నాన్నగారి పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పడం లేదు. నా వయసు అరవై ఎనిమిది. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. భార్య పోయి చాలా కాలమైంది. నాకు ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. ఈ కేసులో దెబ్బ తగిలింది చిన్నల్లుడికి. కావాలని గుద్దాడని మీరు విచారిస్తున్నది పెద్దల్లుడిని. ఆదివారం ప్రమాదం జరిగిన చోటే మీ హెడ్ కానిస్టేబులుగారు నా వాంగ్మూలం ఒకటి రాసుకున్నారు. ఇవాళ శనివారం. ఎవరూ పిలవకుండా నేనే వచ్చి రెండోది ఇస్తున్నాను. ఆదివారం నేను కళ్ళతో చూసింది చూసినట్టే చెప్పాను. దానికి నేను కట్టిన అర్థం మాత్రం తప్పు. ఆ తప్పు వల్ల ఒక మనిషి ఆరు రోజులుగా మీ బెంచీ మీద కూర్చుంటున్నాడు.

పెద్దల్లుడికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. చిన్నల్లుడు బడిలో ఆటల మాస్టారు. పెద్దమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో, చిన్నమ్మాయి లైబ్రరీలో పనిచేస్తారు. తోడల్లుళ్ళిద్దరూ మంచివాళ్ళే. ఒకరికొకరు సాయమూ చేసుకుంటారు. కానీ ఒకరింట్లో కర్టెన్లు మారితే రెండో ఇంట్లో కిటికీలే మారిపోతాయి. అది పెళ్ళిళ్ళయిన నాటి నుంచీ ఉన్న జబ్బు.

ఈ మధ్య పెద్దల్లుడు కరెంటు కారు కొన్నాడు. బూడిదరంగుది. ఏడుగురు పడతారు. ముందు చక్రాలకొక మోటారు, వెనక చక్రాలకొక మోటారు. నెల తిరక్కుండా చిన్నల్లుడు ఎర్రది కొన్నాడు. అదీ కరెంటుదే. ఐదుగురు పడతారు, మోటారు ఒక్కటే, బరువు మాత్రం చాలా తక్కువ. రెండూ సంసారుల బండ్లే. వెనక పిల్లల సీటు బిగించుకునే కొక్కేలున్న బండ్లు. వాటిని చూసినవాడికి పందెం ఆలోచన రాకూడదు.

వీళ్ళకు వచ్చింది. పెద్దల్లుడి ఇంట్లో అందరం భోజనాలు చేస్తుండగా మాట మొదలైంది. ఆగి ఉన్న బండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి బూడిదరంగు దానికి ఆరు సెకన్ల పైచిలుకు, ఎర్రదానికి ఏడున్నర పడుతుందని కంపెనీలవాళ్ళు చెబుతారట.

"అది ఖాళీ బండి లెక్క అన్నయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు. "మీ దాంట్లో ఏడుగురెక్కితే అది పెళ్ళివారి బస్సు. సిగ్నల్ దగ్గర నేను కదిలాక మీరు నా వెనక నంబరు ప్లేటు చదువుకోవడమే."

"చదువుతాన్లే. అంత చిన్న బండికి అంత పెద్ద ప్లేటెందుకా అనుకుంటూ చదువుతాను," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నమ్మాయి నవ్వింది. పెద్దమ్మాయి లేచి గిన్నెలు తీసింది.

"తగువెందుకు, కొలతల మనిషి ఇంట్లోనే ఉన్నారుగా," అని చిన్నల్లుడు నా వైపు తిరిగాడు. నేను సరేనన్నాను. వద్దని ఉండవచ్చు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పెట్రోలు బంకుల్లో, బియ్యం దుకాణాల్లో, బంగారం కొట్లలో జనం నా కళ్ళెదుటే నన్ను మోసం చేయాలని చూసేవారు. తక్కెడ పళ్ళెం కింద అయస్కాంతాలు పీకాను. లీటరు కొలతకు అడుగున మైనం పోసినవాళ్ళను చూశాను. కంపెనీవాళ్ళు అచ్చువేసిన సంఖ్య ఏదైనా సరే, స్వయంగా కొలిచే దాకా నాకు మనసొప్పదు. అందుకే ఒప్పుకున్నాను.

ఆదివారం ఉదయం ఏడు దాటాక ఊరి చివర కొత్తగా వేస్తున్న బైపాసుకు వెళ్ళాం. అది ఇంకా తెరవలేదు. అడ్డంగా పెట్టిన డ్రమ్ములు జరిపి లోపలికి వెళ్ళాం. అలా జరపడం తప్పని అందరికీ తెలుసు. ఒక డ్రమ్ము నేనే జరిపాను. కూతుళ్ళిద్దరూ ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నారు. పిల్లలను తీసుకురాలేదు.

రోడ్డు తిన్నగా ఉంది, రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు. చివర కాంక్రీటు దిమ్మెలు పేర్చి మధ్యలో ఒక్క బండి దూరేంత సందు వదిలారు. దిమ్మెలకు బాగా ఇవతల గెలుపు గీత గీశాం, అది దాటాక వేగం తగ్గించుకోవడానికి చోటుంది. ముందున్నవారు సందులోంచి వెళ్ళాలి, వెనకున్నవారు బ్రేకు వేసి ఆగాలి. అదీ ఒప్పందం.

మొదటి నుంచీ నాకు ఇద్దరి మీదా అనుమానమే. టైర్ల గాలి నా మీటరుతో నేనే చూశాను. బ్యాటరీలు రెంటిలోనూ ఎనభై శాతం దగ్గరున్నాయో లేదో చూశాను. ఏసీలు ఆపించాను. ఎర్ర బండి డిక్కీ తెరిపిస్తే బంతుల వల, దాని కింద విసిరే ఇనుప గుండ్లు రెండు బయటపడ్డాయి.

"ఇవి తీయలేదేం బాబూ?"

"మర్చిపోయాను మామయ్యా. బడివి."

ఓడిపోతే సాకుగా చూపించడానికి ఉంచుకున్నాడేమో అనిపించింది. బూడిదరంగు బండిలో చూస్తే వెనక వరుస రబ్బరు పట్టాలు ఇంటి దగ్గరే తీసేసి వచ్చాడు పెద్దల్లుడు. అడిగితే, కడిగి ఆరేశాం అన్నాడు. అదీ నమ్మలేదు. ఎదురుగా ఏదైనా వస్తే బండి తనంతట తనే బ్రేకు వేసుకునే ఏర్పాటు రెండింటిలోనూ ఉంది. పక్కపక్కన నడిపితే అది ఊరికే మోగుతుందని ఇద్దరూ కలిసే ఆపేశారు. ఆ విషయంలో మాత్రం ఇద్దరికీ పేచీ రాలేదు.

బయల్దేరే ముందు పెద్దల్లుడు తన ఫోను నాకిచ్చాడు. "షాపు నుంచి ఫోన్లొస్తాయి మామయ్యగారూ, మీ దగ్గరుంచండి," అన్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాను. అతని బండి కార్డుతో తెరుచుకుంటుంది, ఫోను అవసరం లేదు.

మొదటి పరుగులో నేను ఎర్ర బండిలో కూర్చున్నాను. నా చేతిలో స్టాప్‌వాచీ. ఈ బండ్లకు చప్పుడుండదు. ఇంజను అరుస్తుంది, గేర్లు మారతాయి అని ఎదురుచూసేవాడికి ఏమీ వినపడదు. వీపు సీటుకు అతుక్కుంది. ఎర్ర బండి కదలడంలో ముందుంది. నలభై దాకా చిన్నల్లుడు పాట పాడుతున్నాడు. తరువాత పక్కనుంచి బూడిదరంగు బండి ఎవరో తోసినట్టు వెళ్ళిపోయింది. మేము వంద అందుకునేసరికి నా వాచీలో ఎనిమిదికి కాస్త తక్కువ.

"మామయ్య బరువు నేను మోశాను," అన్నాడు చిన్నల్లుడు.

తూకం మాట ఎత్తితే నేను కాదనలేను. రెండో పరుగుకు బండి మారాను. బూడిదరంగు దానిలో కూర్చున్నాను. పెద్దల్లుడు కాలు నొక్కగానే వెనక భాగం కుంగి, ముందు భాగం లేచి, బండి దూకింది. ఆరున్నర చూపించింది వాచీ. పెద్దల్లుడు నెమ్మదస్తుడు. షాపులో ముసలివాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు పెట్టేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టే మనిషి. ఆ రోజు బిగ్గరగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.

వెనక్కి వచ్చాక పెద్దమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "చాలండీ. రెండుసార్లూ గెలిచారుగా."

"వాడు ఒప్పుకోవాలిగా," అన్నాడు.

చిన్నల్లుడు ఒప్పుకోలేదు. తను నడిపిన పక్క కంకర తేలి ఉంది, చక్రం జారుతోంది అన్నాడు. వెళ్ళి చూశాను. కంకర ఉన్న మాట నిజమే. అప్పుడు పక్కలు మార్చి మూడోసారి పరుగెత్తాలన్నారు. ఈసారి నా బరువు ఎవరికీ వద్దు, నేను బయల్దేరే చోట నిలబడి రుమాలు ఊపాలి.

పెద్దమ్మాయి చెల్లెలి దగ్గరికి వెళ్ళి, "నువ్వైనా చెప్పవే మీ ఆయనకి. నాకు భయంగా ఉంది," అంది.

"ఆడుకోనీ అక్కా. ఇంటికొచ్చి మన బుర్ర తినకుండా ఉంటారు," అని నవ్వింది చిన్నది.

అల్లుళ్ళిద్దరూ బండ్లు పక్కలు మార్చి, దిగి, టీ తాగారు. మళ్ళీ ఎక్కారు. నేను రుమాలు ఊపాను. నా పక్కన పెద్దమ్మాయి నిలబడి ఉంది. ముందు రెండుసార్లూ ఫోనులో వీడియో తీసింది. ఈసారి తీయలేదు.

బూడిదరంగు బండి కుంగలేదు, దూకలేదు. వరుసలో నిలబడ్డవాడు నడిచినట్టు నడిచింది. ఎర్ర బండి అర బండి ముందుంది. బూడిదరంగు బండి ముక్కు ఎర్ర బండి వెనక తలుపు పక్కనే ఉంది. అక్కడి నుంచి ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. గీత దాటాక ఎర్ర బండి సందులోకి తిరిగింది. బూడిదరంగు దాని బ్రేకు దీపాలు ఆలస్యంగా వెలిగాయి. ముక్కు వెళ్ళి ఎర్రదాని వెనక పక్కను తాకింది. ఎర్ర బండి గిర్రున తిరిగి, నడిపేవైపు దిమ్మెకు కొట్టుకుంది. చప్పుడు మాకు కాస్త ఆగి వినిపించింది.

చిన్నమ్మాయి చెప్పులు వదిలేసి కంకర మీద పరుగెత్తింది. పెద్దల్లుడు దిగి తన బండి తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, దగ్గరికి పోలేదు. అది నేను గమనించాను. మనసులో పెట్టుకున్నాను. నా పక్కన పెద్దమ్మాయి వేళ్ళు ఫోను మీద గబగబా కదులుతున్నాయి.

"అంబులెన్సుకు చేశావా?" అన్నాను.

"చేస్తున్నా నాన్నా, చేస్తున్నా," అంది.

చిన్నల్లుడికి తొడ ఎముక విరిగింది. రోజంతా పిల్లలతో పరుగెత్తే ఉద్యోగం అతనిది.

హెడ్ కానిస్టేబులుగారు నన్ను అడిగారు, "పక్కనే కాచుకుని వచ్చి గుద్దినట్టు అనిపించిందా?" అని. "ముందు రెండుసార్లు దూకిన బండి మూడోసారి దూకలేదు. కాలు బిగబట్టి నడిపితే తప్ప అలా కాదు," అన్నాను. ఆయన రాసుకున్నారు. ఆ వాక్యం నాదే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

సోమవారం ఆసుపత్రిలో చిన్నమ్మాయి నాతో, "బావగారు నా మొగుణ్ణి చంపబోయారు నాన్నా. నువ్వు చూశావు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పాలి," అంది. చెప్పానన్నాను. మంగళవారం మీ మెకానిక్కు బూడిదరంగు బండిని నడిపి చూసేటప్పుడు మీ అనుమతితో నేనూ కూర్చున్నాను. ముందు భాగం నలిగింది గానీ మోటార్లకేం కాలేదు. కాలు నొక్కగానే వెనక కుంగి దూకింది. బండిలో లోపం లేదని ఆయన చెప్పారు. ఇంక నా అనుమానానికి అడ్డు లేకపోయింది.

బుధవారం పెద్దల్లుడి షాపుకు వెళ్ళాను. అప్పుడే ఇక్కడి నుంచి వచ్చినట్టున్నాడు. గోడల నిండా అద్దాలు, ఎటు చూసినా నేనే కనిపిస్తున్నాను. ఒక కస్టమరు వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"ఏం చేశారు బాబూ ఆ రోజు?"

"కాలు పూర్తిగా నొక్కే ఉంచాను మామయ్యగారూ. బండి రాలేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ నొక్కాను. తమ్ముడు ఎప్పటిలా వెనక్కి తగ్గుతాడనుకున్నాను."

"మంగళవారం వచ్చిందిగా?"

"వచ్చిందట."

"మరి ఆదివారం ఎందుకు రాలేదు?"

"ఎదురుగా తెర మీద ఏదో పసుపు గుర్తు వెలిగింది. కింద చిన్న అక్షరాలు. చదవలేకపోయాను."

అతనికి దూరం చూపు బాగానే ఉంటుంది, దగ్గరి అక్షరాలు కనపడవు. ఊళ్ళో సగం మందికి కళ్ళజోళ్ళు పెట్టిన మనిషి తను మాత్రం పెట్టుకోడు. అంత సులువుగా ఎలా నమ్ముతాను?

"మీరు చూసింది మీరు చెప్పారు. నాకు కోపం లేదు," అన్నాడు. చేతిలో ఉన్న అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. చెయ్యని తప్పు నెత్తిన పడ్డవాడు అరవాలి కదా. నేను పట్టుకున్న వ్యాపారుల్లో నిర్దోషులంతా నన్ను తిట్టారు. అరవని వాళ్ళ దగ్గరే అయస్కాంతాలు దొరికాయి. ఆ రోజు అలా లెక్కవేసుకుని ఇంటికి వెళ్ళాను.

పసుపు గుర్తు సంగతి మాత్రం వదల్లేదు. అబద్ధమైతే అబద్ధమని తేలాలి. గురువారం పొద్దున ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఓపికగా వింది.

"గుర్తు తాళంకప్పలా ఉందా అంకుల్?"

"నాకు తెలియదమ్మా. ఆయన చదవలేదు."

"శక్తి కొంత తగ్గించినప్పుడు అలాంటిదే వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకో, బయటి డ్రైవరుకో బండి ఇస్తామనుకోండి, ఫోనులోంచి తగ్గించి పెట్టుకోవచ్చు. బండి ఆగి ఉన్నప్పుడే కుదురుతుంది. మళ్ళీ ఆగి ఉన్నప్పుడే తీసేయవచ్చు."

"బండి ఆగిపోదా?"

"లేదంకుల్, నడుస్తుంది. దూకుడుండదు, అంతే."

"ఎవరి ఫోను నుంచి?"

"ఓనరు జత చేసుకున్న ఏ ఫోను నుంచైనా."

బయటికి వచ్చి బస్సు స్టాపులో కూర్చున్నాను. చూశారా, వాడే పెట్టుకుని వాడే తీసేశాడు అనుకున్నాను ముందు. కాసేపు అలాగే నమ్మాను. అంతలో, ఆ సమయంలో అతని ఫోను నా చొక్కా జేబులో ఉందన్న సంగతి తట్టింది. నా బస్సు వచ్చింది. ఎక్కలేదు. బండి తెచ్చుకున్న రోజు షోరూములో భార్యాభర్తలిద్దరి ఫోన్లూ జత చేయించుకుంటుంటే వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఇంకో బస్సు కూడా వదిలేశాను.

మధ్యాహ్నం పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళాను. ల్యాబుకు సెలవు పెట్టింది. వంటగది పక్కన బల్ల మీద దుప్పటి పరిచి మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కుర్చీ మీద అప్పటికే నాలుగు చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి.

"ఇన్నెందుకమ్మా?"

"స్టేషనుకు నలిగిన చొక్కాతో వెళ్తే లోకువగా చూస్తారు."

"అమ్మా, ఆ రోజు అంబులెన్సుకు నువ్వు చేశావా?"

"చేశాను."

"అంతకుముందు ఏం చేశావు?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. పక్కకు తిరిగి పొయ్యి కట్టేసి ఉందో లేదో చూసింది. అది కట్టేసే ఉంది.

"నాకు తెలియలేదు నాన్నా," అంది. "ఓడిపోతారనుకున్నాను. అంతే. ఒక్కసారి ఓడిపోతే ఇద్దరూ ఇంటికొస్తారనుకున్నాను. బండి కొన్నప్పటి నుంచీ సిగ్నల్ దగ్గర పాపను వెనక కూర్చోబెట్టుకుని అలా దూకిస్తున్నారు. పాప చప్పట్లు కొడుతుంది. నేను చెప్తే నవ్వుతారు. చెల్లికి చెప్తే అదీ నవ్వింది. టీ తాగుతుంటే నా చేతిలో ఫోనుంది. నొక్కాను."

"తరవాత తీసేశావు."

"చేతులు ఆడలేదు. తీసేస్తే జరగనట్టవుతుందేమో అనిపించింది. పిచ్చిదాన్ని."

"మీ ఆయనను రోజూ పిలిపిస్తున్నారు."

"తెలుసు. ప్రతి రాత్రీ చెబుదామనుకుంటాను. నిద్రపోతుంటారు." ఆ తరువాత అంది, "నువ్వు చెప్పొద్దు నాన్నా. నేనే చెప్తాను. రెండు రోజులియ్యి."

ఇచ్చాను. నా కన్నకూతురు. కానీ చెబుతుందని నాకు నమ్మకం లేదు. ఆ రెండు రోజులూ నేను ఆమె ఇంటికి ఏదో పని పెట్టుకుని వెళ్ళి, మొహం చూసి వచ్చేవాణ్ణి. మీ దగ్గరికి వచ్చిందేమోనని ఈ వీధిలో కూడా ఒకసారి తిరిగాను.

ఇవాళ పొద్దున నేను బయల్దేరే లోపే పెద్దల్లుడు మా ఇంటికి నడిచి వచ్చాడు.

"సర్వీసు సెంటరుకు వెళ్ళారట. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఆ సంగతి వదిలేయండి మామయ్యగారూ."

"ఎందుకు వదలాలి?"

చెప్పులు విప్పి పక్కన సర్దుకున్నాడు. నేనే అన్నాను, "మీకు తెలుసా?"

"మీరు ఫోను తిరిగిచ్చిన సాయంత్రమే చూశాను. శక్తి తగ్గించినట్టు ఒక మెసేజి. తీసేసినట్టు ఇంకొకటి."

నా జేబులో ఆ ఫోను రెండుసార్లు గుర్రుమన్నది అప్పుడు గుర్తొచ్చింది. షాపువాళ్ళనుకున్నాను. సాక్ష్యం నా గుండె మీదే కదిలింది, నేను రుమాలు ఊపుతున్నాను.

"మరి చెప్పలేదేం? మిమ్మల్ని జైల్లో వేస్తారేమో అన్న భయం లేదా?"

"ఎవరి మీద చెప్పను మామయ్యగారూ? ఆమెను తీసుకొచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టనా? పందెం వేసింది నేను. కాలు తీయనిది నేను. ఆమె ఆపమని చెప్పింది, వినలేదు."

"మీకు తెలుసని దానికి తెలుసా?"

"తెలియదు. ఆమె రాత్రుళ్ళు లేచి కూర్చుంటుంది. నేను నిద్రపోయినట్టు పడుకుంటాను."

లేచి వంటింట్లోకి వెళ్ళాను. టీ పెట్టి ఇచ్చాను. చక్కెర వేయడం మరిచిపోయానని తరవాత నా గ్లాసు తాగితే తెలిసింది. అతను మాట్లాడకుండా తాగేశాడు.

ఆమె నన్ను రెండు రోజులు అడిగిందని, ఇవాళ్టితో గడువు అయిందని చెప్పాను. ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. తాళం వేసి ఉంది. పాపను పక్కింట్లో దింపి బస్సెక్కిందని చెప్పారు పక్కింటావిడ. మొగుడు తన తాళంచెవితో తలుపు తీశాడు. ఆమె ఫోను బల్ల మీదే ఉంది. పారిపోయిందేమో అని నాకొక్క క్షణం అనిపించింది. అతనికి అంతకన్నా ఘోరమైనదేదో అనిపించినట్టుంది, బాత్రూము తలుపు తోసి చూశాడు.

నేను ఆసుపత్రికి పోదామన్నాను. ఎందుకన్నానో తెలియదు.

అక్కడే ఉంది. చిన్నల్లుడి మంచం కాళ్ళ వైపు, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికే చెప్పేసింది. చిన్నమ్మాయి చేతిలో నీళ్ళ గ్లాసు వంగి నీళ్ళు దుప్పటి మీద పడుతున్నా చూసుకోవడం లేదు.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా అక్కా," అంటోంది చిన్నది.

"అన్నాను. నవ్వావు."

చిన్నల్లుడే నన్ను పిలిచాడు. "మామయ్యా, అన్నయ్యగారి బండి ముక్కు నా వెనక తలుపు దగ్గరుందని అద్దంలో చూశాను. వదినగారు ఏం నొక్కారో నాకెలా తెలుస్తుంది, బ్రేకు మాత్రం నా కాలి కిందే ఉంది. మూడింటిలో అప్పుడే మొదటిసారి ముందున్నాను. వేయబుద్ధి కాలేదు. ఎస్సైగారికి ఇదీ రాసుకోమనండి." అతను మంచం మీద నుంచే మీకు చెబుతానన్నాడు. ఎవరినైనా పంపించగలరు.

అప్పుడు పెద్దమ్మాయి తలుపు దగ్గరున్న మొగుణ్ణి చూసింది.

"మీకొక మాట చెప్పాలండీ," అంది.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆదివారం నుంచి."

ఆమె దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. రెండు చేతులతో అతని ఛాతీ మీద కొట్టడం మొదలుపెట్టింది. "ఆరు రోజులు! ఆరు రోజులు పక్కన పడుకుని నన్నలా చూస్తూ ఉన్నారా? ఒక్క మాట అంటే నేను చచ్చిపోతానా? ఇన్ని రోజులు చస్తున్నానుగా!" అని కొడుతూనే ఉంది. అతను వెనక్కి తగ్గలేదు. నర్సు వచ్చి ఇది ఆసుపత్రి అని కసిరింది. చిన్నమ్మాయి గ్లాసు కింద పెట్టి, వచ్చి, అక్కను వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుంది. క్షమించి పట్టుకుందో, కొట్టకుండా ఆపడానికి పట్టుకుందో నాకు తెలియదు. అడగలేదు.

కూతుళ్ళిద్దరూ, పెద్దల్లుడూ ఇప్పుడు బయట ఉన్నారు. చిన్నల్లుడి దగ్గర వాళ్ళ అమ్మగారు కూర్చున్నారు. నా తరువాత పెద్దమ్మాయి చెబుతుంది. ఎవరూ బలవంతం చేయలేదు. ఆమెకేమవుతుందని నేను మిమ్మల్ని అడిగాను, ఇప్పుడే చెప్పలేనన్నారు. నా మొదటి వాంగ్మూలాన్ని చించేయమని నేను అడగడం లేదు. అందులో ఉన్నది నా సంతకమే. దాని పక్కన ఇది కూడా పెట్టండి. పందెం రోజు ఆ రోడ్డు మీద కొలవడానికి ఒప్పుకున్నవాడిగా, డ్రమ్ము జరిపినవాడిగా నా మీద ఏదైనా రాయవలసి ఉంటే రాయండి.

ఇందులోని ప్రతి మాటా నాకు పైకి చదివి వినిపించారు. ఒక చోట "బహుశా" అని పడింది. ఆ మాట నేను అనలేదు. కొట్టించి, పక్కన పొడి సంతకం పెట్టాను. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది, నాకు తెలిసినంత మేరకు నిజం, నా ఇష్టపూర్వకంగా ఇచ్చాను.

(సంతకం)

నా సమక్షంలో చెప్పి, విని, సంతకం చేశారు.
దర్యాప్తు అధికారి